పాత చీర అంచులు, పూసలతో క్రిస్మస్ చెట్టుకు అలంకారాలు కుట్టుకునే పద్ధతి

డిసెంబరు నెల మొదలయ్యేసరికి కోస్తా జిల్లాల్లో క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. పండుగ దగ్గరపడ్డాక ఇంట్లోకి క్రిస్మస్ చెట్టు వస్తుంది. మా వైపు చాలా ఇళ్ళలో ఆ చెట్టు దుకాణంలో కొన్నది కాదు, బకెట్టులో ఇసుక పోసి నిలబెట్టిన సరుగుడు కొమ్మ. దాని రెమ్మలు సన్నగా, మెత్తగా ఉండి చిటికెన వేలంత బరువుకే కిందికి వాలిపోతాయి కనుక, ఈ చెట్టుకు అలంకారం చేయదలచినవారు అందం కంటే ముందు బరువు గురించి ఆలోచించాలి. నేను చేసే వాటిలో ఏదీ 20 గ్రాములు దాటకుండా చూసుకుంటాను. వంటింటి కాటా మీద పెట్టి చూస్తే అంచనా వెంటనే తెలిసిపోతుంది.

దీనికి కావలసిన సరకు మన ఇళ్ళలోనే ఉంటుంది. చిరిగిపోయిన చీరల అంచులు, జాకెట్టు కుట్టించగా మిగిలిన లేసు ముక్కలు, తెగిపోయిన దండల పూసలు, మగ్గం పని చేసే చోట అడుగున మిగిలిన చమ్కీలు, వీటన్నిటినీ ఒక డబ్బాలో వేసి ఉంచుకుంటే ఏడాది తిరిగేసరికి పది అలంకారాలకు సరిపడా పోగవుతాయి. లేనివి కొనాలన్నా దర్జీ సామాను అమ్మే దుకాణంలో మీటరు లెక్కన లేసు, తూకం లెక్కన పూసలు దొరుకుతాయి.

అంచును ఎంచుకోవడం

ముందుగా ఆకారాన్ని నిర్ణయించుకుని తరువాత దానికి అంచు వెతకడం కొత్తగా మొదలుపెట్టినవారు చేసే పొరపాటు. చేతిలో ఉన్న అంచు ఏ పనికి ఒదుగుతుందో చూసి ఆకారాన్ని ఎంచుకోవాలి. మంగళగిరి నూలు చీర అంచు పలచగా, వంగడానికి వీలుగా ఉంటుంది కాబట్టి బంతికి చుట్టడానికి బాగుంటుంది. గద్వాల చీర పట్టు అంచు బరువుగా, బిరుసుగా ఉంటుంది కనుక అది బంతి మీద ముడతలు పడుతుంది, కుచ్చు తీసి పువ్వుగా కుడితే మాత్రం ఎంతో నిండుగా వస్తుంది. జరీ అంచుకు వెనుక వైపు దారాలు బయటికి కనిపిస్తాయి కనుక రెండు వైపులా కనిపించే పనికి దానిని వాడకూడదు. అటువంటి పనికి రెండు వైపులా ఒకేలా ఉండే గళ్ళ రిబ్బను గాని, జిగ్‌జాగ్ లేసు గాని తీసుకోవాలి.

నరసాపురం ప్రాంతపు అల్లిక లేసు దొరికితే అది ఈ పనికి ఎంతో యోగ్యమైనది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికను గోదావరి జిల్లాల ఆడవారు తరతరాలుగా ఇళ్ళలో కూర్చుని చేస్తూ వచ్చారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. క్రొషే సూదితో నూలు దారం అల్లిన లేసు కాబట్టి మొదటి ఉతుకులో కొంత కుంచించుకుపోతుంది. అందువల్ల కొలిచి కత్తిరించడానికి ముందే గోరువెచ్చని నీటిలో ఒకసారి ముంచి, నీడన ఆరబెట్టి, పలచని గంజి పెట్టి ఇస్త్రీ చేసుకోవాలి.

చీర నుంచి అంచును వేరు చేసేటప్పుడు సరిగ్గా అంచు గీత మీద కత్తిరించవద్దు. చీర వైపు అర సెంటీమీటరు బట్ట వదిలి కత్తిరిస్తే దానిని వెనక్కు మడిచి కుట్టుకోవడానికి వీలవుతుంది, పోగులు ఊడవు. అమ్మల, అమ్మమ్మల కాలం నాటి పట్టుచీరల్లో అసలైన వెండి జరీ ఉండే అవకాశం ఉంది. అటువంటి చీరకు కత్తెర పెట్టే ముందు పాత జరీ కొనేవారికి ఒకసారి చూపించుకోవడం మంచిది, ఇంట్లో పెద్దవాళ్ళను అడగడం అంతకంటే ముందు జరగాలి.

అంచు నూలుదో, పట్టుదో, కృత్రిమమైనదో తెలియకపోతే ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల మంటకు చూపండి. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిద అవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, కృత్రిమమైన పోగు కరిగి చివర గట్టి పూసలాగా ముద్దకడుతుంది. ఈ తేడా తెలిస్తే కత్తిరించిన కొసలను ఏం చేయాలో తెలుస్తుంది. కృత్రిమమైన లేసు కొసను కొవ్వొత్తి మంట పక్కగా ఒక్క క్షణం తిప్పితే పోగులు అతుక్కుంటాయి. నూలుకు, పట్టుకు మంట చూపకూడదు, కొసను రెండు మడతలు మడిచి కుట్టాలి, లేదా నీళ్ళు కలిపిన తెల్ల జిగురును వేలి కొనతో రాసి ఆరనివ్వాలి.

పూసలు, దారం, సూది

చెక్ దేశంలోని పోనిక్లా అనే ఊరిలో ఊది చేసిన గాజు పూసలతో క్రిస్మస్ చెట్టు అలంకారాలు కూర్చే పని ఈనాటికీ చేతితోనే సాగుతోంది. ఆ విద్యను యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పూసలు లోపల బోలుగా, లోపలి గోడకు వెండి పూతతో ఉంటాయి కాబట్టి ఎన్ని గుచ్చినా తేలికగానే ఉంటాయి. మన దుకాణాల్లో దొరికే గాజు పూస లోపల గట్టిగా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల గాజు పూస ఒక్కొక్కటి పావు గ్రాముకు పైగా తూగుతుంది కనుక ముప్పై గుచ్చేసరికే అలంకారం బరువెక్కుతుంది. పెద్ద పూసలు ప్లాస్టిక్‌వి, చిన్న పూసలు గాజువి వాడితే మెరుపు తగ్గకుండా బరువు తగ్గుతుంది.

చవకరకం ముత్యాల పూసలకు పైపూత పెచ్చులుగా ఊడుతుంది, రంగు పూసలు కొన్ని తడి తగిలితే రంగు వదులుతాయి. కొత్తగా కొన్న పూసలను తడిపిన తెల్లగుడ్డలో వేసి గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ పూసలను లేత రంగు లేసు పక్కన ఉంచవద్దు.

గొట్టం పూసల అంచులు, కట్ బీడ్స్ అంచులు కత్తిలా ఉండి నూలు దారాన్ని కోసేస్తాయి. వీటిని గుచ్చేటప్పుడు నైలాన్ దారం వాడాలి, ప్రతి గొట్టం పూసకూ ఇరువైపులా ఒక్కొక్క గుండ్రని చిన్న పూస ఉంచాలి. అప్పుడు దారం పదునైన అంచుకు నేరుగా తగలదు. దారాన్ని కొవ్వొత్తి మీదుగా రెండుసార్లు లాగితే మైనం పట్టి చిక్కుపడకుండా ఉంటుంది. సూది మాత్రం పూసలు గుచ్చే సన్నని సూదే కావాలి, మామూలు సూది కన్ను చిన్న పూసలో ఇరుక్కుని పూసను పగలగొడుతుంది.

జిగురు గురించి ఇక్కడే చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం పండుగకు ముందు తీరిక లేక పద్దెనిమిది అలంకారాలను గ్లూ గన్‌తో అతికించి ముగించాను. ఆ డిసెంబరులో అవి బాగానే ఉన్నాయి. మరుసటి ఏడు అటక మీది డబ్బా దించి మూత తీస్తే, మే నెల వేడికి జిగురు మెత్తబడి పూసలన్నీ అడుగున రాలి ఉన్నాయి, లేసులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. విడదీయబోతే నరసాపురం లేసు ముక్క ఒకటి చిరిగింది. అప్పటి నుంచి బరువు మోసే ప్రతి చోటా కుట్టు వేస్తున్నాను, జిగురును ముడి మీద చుక్కగా, కొస కదలకుండా పట్టుగా మాత్రమే వాడుతున్నాను. సూదితో చేసిన అలంకారానికి గంట ఎక్కువ పడుతుంది, ఆ గంటను నేను మనస్ఫూర్తిగా ఇవ్వమని అడుగుతాను.

మడతల చెట్టు

ఇది అన్నిటికంటే సులువుగా నేర్చుకోదగినది, చూసేవారు అన్నిటికంటే ముందు చేతిలోకి తీసుకునేది కూడా ఇదే. రిబ్బనును అటూ ఇటూ మడుస్తూ, మడత మడతకూ మధ్య ఒక పూస ఉంచుతూ, కింద వెడల్పుగా పైన సన్నగా వచ్చేలా పేరుస్తారు. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న, రెండు వైపులా ఒకేలా ఉండే బిరుసు రిబ్బను 67 సెం.మీ., 6 మి.మీ. పూసలు పదిహేను, 8 మి.మీ. బంగారు రంగు పూస ఒకటి, దారం కొసల దగ్గర మిగతావి జారిపోకుండా ఆపే ఆగుపూసలుగా రెండు చిన్న గాజు పూసలు, 70 సెం.మీ. నైలాన్ దారం సిద్ధం చేసుకోండి. రిబ్బను మెత్తనిదైతే గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, లేకపోతే మడతల కొసలు రెండు రోజులకే వాలిపోతాయి.

రిబ్బను రెండు కొసలనూ ఒక్కొక్క సెంటీమీటరు లోపలికి మడిచి కుట్టండి. మిగిలేది 65 సెం.మీ. ఇందులో పదమూడు అంతస్తులు వస్తాయి. అడుగు అంతస్తు 8 సెం.మీ., ఆపైన ఒక్కొక్కటి అర సెంటీమీటరు చొప్పున తగ్గుతూ పైఅంతస్తు 2 సెం.మీ. అవుతుంది. సూది ప్రతి అంతస్తుకూ సరిగ్గా నడిమధ్య దిగాలి. మడిచిన తరువాత మధ్య వెతుక్కుంటే చెట్టు ఒక పక్కకు ఒరుగుతుంది, కాబట్టి రిబ్బను చాపి ఉంచినప్పుడే దర్జీ సుద్దతో గుర్తులు పెట్టుకోవాలి. మొదటి గుర్తు కొస నుంచి 4 సెం.మీ. దగ్గర, రెండోది అక్కడి నుంచి 7.75 సెం.మీ. దూరంలో, మూడోది దానికి 7.25 దూరంలో, ఆపై 6.75, 6.25, ఇలా ప్రతిసారీ అర సెంటీమీటరు తగ్గించుకుంటూ పోతే చివరి రెండు గుర్తుల మధ్య 2.25 సెం.మీ. ఉంటుంది, చివరి గుర్తు తరువాత ఒక సెంటీమీటరు మిగులుతుంది. అలా మిగలకపోతే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం, దారం ఎక్కించకముందే సరిచూసుకోండి.

దారాన్ని సూదిలో జంటగా ఎక్కించి, కొసన చిన్న పూసను కట్టి, దాని మీద ముడి వేసి ఒక చుక్క జిగురు పెట్టండి. ఇదే ఆగుపూస. దాని మీద మూడు 6 మి.మీ. పూసలు ఎక్కిస్తే అవే చెట్టుకు కాండం అవుతాయి. ఇప్పుడు మొదటి గుర్తులో కింది నుంచి పైకి సూదిని గుచ్చి, ఒక పూస ఎక్కించి, రిబ్బనును మడిచి రెండో గుర్తులో గుచ్చండి. మళ్ళీ పూస, మళ్ళీ మడత. పదమూడు అంతస్తుల మధ్య పన్నెండు పూసలు పడతాయి. ప్రతి మడతనూ వేలితో గుండ్రంగా ఉంచాలి, గోటితో నొక్కి పదును చేయకూడదు, ఎందుకంటే ఆ గుండ్రని వంపులే దూరం నుంచి కొమ్మల్లా కనిపిస్తాయి. చివర బంగారు పూస, దానిపైన రెండో చిన్న పూస ఎక్కించి, సూదిని చిన్న పూస చుట్టూ తిప్పి బంగారు పూసలోంచి కిందికి దింపి, పై అంతస్తు మీద రెండు ముళ్ళు వేయండి.

ముడి వేసే ముందు ఒక్క క్షణం ఆగి దారపు బిగువు చూసుకోవాలి. దారం వదులైతే పూసలకు, మడతలకు మధ్య సందు కనిపిస్తుంది. మరీ బిగించి లాగితే మాత్రం చెట్టు నడుము దగ్గర విల్లులా వంగుతుంది. చెట్టును బల్ల మీద నిలువుగా పట్టుకుని, పై పూసను మెల్లగా లాగుతూ, పూసలన్నీ ఒకదానికొకటి ఆనిన చోట ఆపేస్తే సరిపోతుంది. పూర్తయిన చెట్టు కాండంతో కలిపి సుమారు 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది.

అంచు చుట్టిన బంతి

మూడు అంగుళాల థర్మాకోల్ బంతి చుట్టుకొలత దాదాపు 24 సెం.మీ. దీని మీద 1.2 సెం.మీ. వెడల్పున్న లేసును నాలుగుసార్లు నిలువుగా చుడితే పైనుంచి కిందికి ఎనిమిది గీతలు వస్తాయి, గీతకూ గీతకూ మధ్య నడుము దగ్గర సుమారు 1.8 సెం.మీ. ఖాళీ ఉంటుంది. ఒక్కొక్క చుట్టుకు 24.5 సెం.మీ. చొప్పున మొత్తం ఒక మీటరు లేసు చాలు. ఖాళీలలో తెల్లని థర్మాకోల్ కనిపించకూడదు కనుక ముందుగా బంతికి పలచని పాత నూలు బట్ట ముక్కలు తెల్ల జిగురుతో అతికించి ఒక రాత్రంతా ఆరనివ్వాలి. ఘాటైన వాసన ఉండే రబ్బరు జిగురు థర్మాకోల్‌ను తినేస్తుంది, గ్లూ గన్ వేడికి అది కరిగి గుంట పడుతుంది. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఒక్కటే దీనికి తగినది.

బంతికి పైన ఒక గుండుసూది, కింద ఒక గుండుసూది గుచ్చి రెండు ధ్రువాలను గుర్తించండి. మొదటి చుట్టును పై సూది దగ్గర మొదలుపెట్టి కిందుగా తిప్పి మళ్ళీ పైకి తెచ్చి, కొసను కొస మీద ఉంచి సూదితో బిగించండి. రెండోది దానికి అడ్డంగా, మూడోది, నాలుగోది మధ్యలో. లేసును మరీ సాగదీయకుండా, వదులుగా వదలకుండా, బంతికి హత్తుకునేంత మాత్రమే లాగాలి. చిన్న పూలు, మామిడి పిందెలు ఉన్న అంచైతే నాలుగు చుట్లలోనూ ఆ పూలు నడుము దగ్గర ఒకే వరుసలోకి వచ్చేలా కాస్త అటూ ఇటూ జరపండి. ఈ ఒక్క సర్దుబాటుతో బంతి చూపే మారిపోతుంది.

ఆ తరువాత పూసలు. కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న గుండుసూదికి ముందు చిన్న గాజు పూస, దాని కింద పెద్ద పూస ఎక్కించాలి. చిన్న పూస లేకపోతే సూది తల పెద్ద పూస రంధ్రంలోంచి జారిపోతుంది. సూది మొనను తెల్ల జిగురులో ముంచి, లేసు అంచులోని సందులోంచి బంతిలోకి గుచ్చండి. జిగురు ఆరాక సూదిని లాగినా రాదు. నడుము దగ్గర సెంటీమీటరుకు ఒకటి చొప్పున మొదలుపెట్టి ధ్రువాల వైపు దూరం పెంచుకుంటూ పోవాలి, లేకపోతే పైనా కిందా పూసలు గుంపుగా పడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మామూలు ఇనుప సూదులు ఒక్క వర్షాకాలానికే తుప్పు పట్టి లేసు మీద గోధుమ రంగు మరకలు వేస్తాయి. ఇత్తడివి గాని, తుప్పు పట్టని ఉక్కువి గాని అడిగి కొనండి.

తగిలించే తాడు కోసం సూదిని నమ్ముకోవద్దు. చుట్లన్నీ కలిసిన పై ధ్రువం దగ్గర లేసు పొరలన్నిటినీ కలుపుతూ ఐదారు కుట్లు వేసి, ఆ కుట్లకే 12 సెం.మీ. జరీ దారాన్ని ఉచ్చులా కట్టండి. కింది ధ్రువానికి చీర కొంగుకు వేసే కుచ్చు ఒకటి కట్టాలి. అట్టముక్క మీద పట్టుదారం నలభై చుట్లు చుట్టి, ఒక కొసన ముడి వేసి, రెండో కొస కత్తిరించి, మెడ దగ్గర దారంతో బిగిస్తే కుచ్చు సిద్ధం. దానికి పైన ఒక పెద్ద పూస ఉంచితే బంతికీ కుచ్చుకూ అతుకు కనిపించదు.

పువ్వు, నక్షత్రం

బిరుసైన జరీ అంచుకు పువ్వు మంచి ఆకారం. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, 35 సెం.మీ. పొడవున్న ముక్కను తీసుకుని, లోపలి అంచుకు 3 మి.మీ. దూరంలో పొడవునా కాడకుట్టు కాకుండా సాదా ముందు కుట్టు వేసి, దారం లాగి కుచ్చు తీసి, రెండు కొసలనూ కలిపి కుట్టండి. సుమారు 6 సెం.మీ. పువ్వు వస్తుంది. వెనుక వైపు దర్జీలు కాలరుకు వాడే బక్రం ముక్కను గుండ్రంగా కత్తిరించి కుడితే పువ్వు ముడుచుకుపోదు. నడుమ పాత చొక్కా గుండీని కుట్టి, దాని చుట్టూ పూసల వరుస వేయండి. ఇటువంటివి రెండు చేసి వెనుక వైపులు కలిపి కుడితే కొమ్మ ఎటు తిరిగినా ముందు వైపే కనిపిస్తుంది.

నక్షత్రానికి బక్రం మీద 5 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, కోణమానినితో 72 డిగ్రీలకు ఒకటి చొప్పున ఐదు గుర్తులు పెట్టి, ఒకటి వదిలి ఒకటి కలుపుతూ గీతలు గీస్తే చాలు. రెండు నక్షత్రాలు కత్తిరించి, వాటికి బట్ట తొడిగి, మధ్యలో అంచు లేసు ఒదిగేలా ఉంచి కలిపి కుట్టాలి. మొనల దగ్గర లేసును కోయకుండా చిన్న మడత వేసి తిప్పండి, కోస్తే ఆ మొన నుంచే పోగులు విడిపోతాయి. రంగులు ఒక అలంకారానికి మూడుకు మించకుండా ఉంటే సరుగుడు ఆకుపచ్చ మీద స్పష్టంగా కనిపిస్తాయి. ఎరుపు, ముదురు నీలం, మిరపపండు రంగు అంచులు బంగారు పూసలతో బాగా నప్పుతాయి. లేత రంగు లేసుకు మాత్రం వెండి రంగు పూసలే నాకు ఎక్కువ ఇష్టం.

తగిలించడం, దాచడం

బరువైన వాటిని కొమ్మ మొదలు వైపు, తేలికైన మడతల చెట్లను రెమ్మల కొసలకు తగిలించాలి. జరీలో లోహం ఉంటుంది కనుక సీరియల్ లైట్ల తీగ అతుకులకు, ప్లగ్గుకు తగలకుండా దూరంగా ఉంచండి, నిజమైన కొవ్వొత్తులను చెట్టు దరిదాపుల్లో వెలిగించవద్దు. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో పూసలు, గుండుసూదులు ఉన్న బంతులను వారి చేతికి అందని ఎత్తులో కట్టాలి, కింది కొమ్మలకు పూసలు లేని పువ్వులు చాలు.

పండుగ అయ్యాక ఒక్కొక్కదానినీ మెత్తని కుంచెతో దులిపి, పాత నూలు గుడ్డలో విడివిడిగా చుట్టి, అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు వేయదలిస్తే గుడ్డలో మూటగట్టి జరీకి తగలకుండా ఒక మూలన ఉంచాలి. పెట్టెను అటక మీద కాకుండా బట్టల బీరువా అడుగు అరలో ఉంచితే ఎండ వేడి తగలదు. ప్రతి అలంకారానికీ వెనుక అంగుళం తెల్ల నాడా ముక్క ఒకటి కుట్టి, దాని మీద చెరగని సిరాతో చేసిన సంవత్సరమూ, ఆ అంచు ఎవరి చీర నుంచి వచ్చిందో వారి పేరూ రాసి ఉంచండి.